దూదికి ఇంత పెద్ద బండా

మా ఇంట్లో అన్నిటికన్నా పెద్ద బరువు ఒక పరుపు. అంతకు మించిన బరువుల సంగతి మాకెవరికీ తెలియదు. తరతరాలుగా దూది ఏకి, పరుపులూ దిండ్లూ కుట్టి బతికిన ఇల్లు మాది. ఏ వస్తువును చూసినా ఎంత చోటు పడుతుంది, ఎంత ఎత్తు లేస్తుంది అన్నదే మా లెక్క. అందుకే నెల్లూరులో బండ్ల షోరూంలో టై కట్టుకున్న సేల్స్ మనిషి "లోడు ఎంత వేస్తారు సార్?" అని అడిగినప్పుడు, మా నాయన ఏమాత్రం తడుముకోకుండా "ఇరవై పరుపులు" అన్నాడు.

"అంటే కిలోల్లో ఎంతుంటుంది సార్?" అన్నాడతను, మా ఆయన వంక చూసి. మేము లోపలికి అడుగుపెట్టినప్పటి నుంచి అతను మా ఆయన ఒక్కడితోనే మాట్లాడుతున్నాడు. బండి కొనాలన్న ఆలోచన నాది, నెలనెలా కంతు కట్టబోయేది నా జీతం. అయినా అతని కంటికి నేను ఆనలేదు.

"కిలోలేందబ్బా, ఎత్తు చెప్తా రాసుకో," అని నాయన రెండు చేతులూ తలపైకి చాపి చూపించాడు. "ఇంత."

సేల్స్ మనిషి నవ్వు ఆపుకుంటూ ఏదో లెక్క వేసుకుని, మమ్మల్ని అన్నిటికన్నా చిన్న బండి దగ్గరికి తీసుకుపోయాడు. మేము ముగ్గురమూ సంతోషంగా అతని వెనకే నడిచాము. అక్కడ మేము చేసిన పొరపాటు మా ఇంటివాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేరు. అది తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

మాది సూళ్ళూరుపేటలో బజారు వెనక సందు. మా తాత దూదేకే విల్లు భుజాన వేసుకుని, పులికాట్ చెరువు పక్క ఊళ్ళన్నీ కాలినడకన తిరిగేవాడు. నాయన హయాంలో మిషన్ వచ్చింది. నేను పుట్టకముందే దాన్ని ఇంటి ముందు రేకుల షెడ్డులో సిమెంటు దిమ్మె మీద బిగించారు. ఇనప చట్రం, లోపల ములికిల డ్రమ్ము, పక్కన పెద్ద చక్రం, దానికో బెల్టు. గడ్డకట్టిన పాత దూదిని ఒకవైపు పెడితే రెండోవైపు నురగలా వచ్చి పడేది. ఆ షెడ్డులోంచి నేరుగా బడికి పోయేదాన్ని కాబట్టి నా జడలో ఎప్పుడూ దూది పీచు ఉండేది. మా క్లాసు పిల్లలు నన్ను ముసలమ్మా అని పిలిచేవాళ్ళు. నేను ఊరుకునేదాన్ని కాదు, ఒకరిద్దరి జడలు పీకి వచ్చేదాన్ని.

ఆ పీచే నాయన ఊపిరితిత్తుల్లోకి చేరింది. షెడ్డుకు ఒకటే తలుపు, కిటికీ లేదు. దగ్గు మొదలైతే గోడ పట్టుకుని నిలబడేవాడు. నెల్లూరు పెద్ద డాక్టరుకు చూపిస్తే ఆయన తేల్చి చెప్పాడు. మూసిన గదిలో ఈ పని ఇంకొక్కరోజు కూడా చెయ్యకూడదు, బాగా గాలాడే చోట, ముక్కుకీ మూతికీ గుడ్డ కట్టుకుని అయితే చేసుకోవచ్చు అని. నాయన మొదటి సగమే విన్నాడు. ఇంటికి వచ్చి షెడ్డుకు తాళం వేశాడు.

ఆ తర్వాత మా నాయన అరుగు మీద కూర్చున్న మనిషయ్యాడు. అంతవరకూ ఆయన ఊరికే కూర్చోవడం నేను చూడలేదు. అన్నం తగ్గింది, మాట తగ్గింది. ఎవరైనా పరుపు తీసుకొస్తే "ఇప్పుడు చేసేది లేదుమా" అని పంపేసి, వాళ్ళు సందు మలుపు తిరిగేదాకా చూసేవాడు. ఒకరోజు పాత ఇనుము కొనేవాడు తోపుడుబండి ఆపి, "ఆ మిషన్ ఇస్తావా సాయబన్నా, తూకానికి తీసుకుంటా," అన్నాడు. పూర్వమైతే నాయన వాణ్ణి సందు చివరిదాకా తరిమేవాడు. ఆరోజు "చూద్దాంలే" అన్నాడు. మిషన్ తూకానికి పోతే దాని వెనకే నాయన కూడా పోతాడని నాకు గట్టిగా అనిపించింది.

నేను తడ దగ్గర పరిశ్రమల్లో ఒక బూట్ల కంపెనీలో లైన్ సూపర్‌వైజర్ని. సరిగ్గా ఆ రోజుల్లోనే మా వైపు వచ్చే కంపెనీ బస్సు ఆపేశారు. మా ఆయన రొయ్యల చెరువులకు మేత తోలే లారీకి డ్రైవరు. బండి వాళ్ళది, స్టీరింగు మాత్రం ఈయనది. ఒకరోజు నేను ఆటో, బస్సు, మళ్ళీ ఆటో మారి డ్యూటీకి ఆలస్యంగా చేరి, అందరి ముందూ మాట పడి, కోపంతో ఇంటికి వస్తుంటే ఈ ఆలోచన వచ్చింది. మనమే ఒక పికప్ బండి కొంటే? పొద్దున్నే నన్ను కంపెనీ గేటు దగ్గర దింపాలి. వెనక మిషన్ పెట్టుకుని నాయనా, మా ఆయనా తడకూ సూళ్ళూరుపేటకూ మధ్య ఊళ్ళన్నీ తిరగాలి. బయట గాలిలోనే పని. సాయంత్రం నన్ను ఎక్కించుకుని ఇంటికి రావాలి. ఈ ఆలోచన తనదని మా ఆయన అందరికీ చెబుతుంటాడు. నమ్మకండి.

ఆయన చెప్పిన ఆలోచన వేరే.

"మామా, మిషన్ను బండి మీద తిప్పేదెందుకు? ఊరి బయట పందిరేసి ఆడ పెడదాం. చిన్న బండిలో పరుపులు ఎత్తకొచ్చి, ఏకి, కుట్టి, మళ్ళా వాళ్ళిళ్ళకు చేర్చేద్దాం. తేలిగ్గా ఉంటాది," అన్నాడు.

"కుదర్దు అల్లుడూ," అన్నాడు నాయన. చాలా రోజుల తర్వాత ఆయన గొంతు లేచింది. "ఎవరి దూది వాళ్ళ కళ్ళముందే ఏకాల. వాళ్ళకు కనపడని తావుకు ఎత్తకపోయి ఏకితే, తిరిగొచ్చింది వాళ్ళ దూదేనని ఎట్టా తెలస్తాది?"

ఇది మా తాత నాటి కట్టుబాటు. పరుపులో దూది అంటే మాకు సరుకు కాదు. దాని మీద ఎవరో పుట్టి ఉంటారు, ఎవరో జబ్బుపడి లేచి ఉంటారు, ఎవరో కన్నుమూసి ఉంటారు. ఒకరింటి దూది ఇంకొకరింటి దూదిలో కలవకూడదు, యజమాని చూడకుండా డ్రమ్ములోకి పోకూడదు. అందుకే షెడ్డు గుమ్మంలో యజమాని కోసం ఒక స్టూలు ఉండేది. అందులో నాయన పట్టుదల మరీ ఎక్కువ. స్టూలు మీది మనిషి టీకని లేచినా, ఫోను మోగి పక్కకు తిరిగినా టక్కున మిషన్ ఆపేసేవాడు. "నేను నమ్ముతా ఉండా గదా సాయబన్నా, నువ్వు కానీ," అని విసుక్కునేవాళ్ళు. "నమ్మకం కోసం గాదుమా, నీ దూది నువ్వు చూడాల," అని చేతులు కట్టుకుని కూర్చునేవాడు నాయన. దానివల్ల పోయిన బేరాలు ఎన్నో.

ఈ కట్టుబాటు పుణ్యమా అని ఊరందరికీ మెత్తని పరుపులు కుట్టిన మనిషి ఇంట్లో గడ్డలు కట్టిన పరుపు మీద పడుకునేవాడు. అది మా అమ్మది. పెళ్ళికి పుట్టింటి నుంచి తెచ్చుకున్న దూది. ఏటా ఒకసారి అమ్మ షెడ్డు గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చునేది, నాయన ఏకేవాడు. అమ్మ పోయాక దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. "వీపుకు గుచ్చుకుంటుంది కదా, ఏకరాదా నాయనా," అని నేను ఎన్నిసార్లు పోరానో. "దాని యజమాని లేదు గదా," అనేవాడు.

మొత్తానికి మిషన్ బండెక్కి తిరగాల్సిందే అని తేలింది. నెల్లూరు పోయాము, షోరూం మనిషి ఇరవై పరుపులకు సరిపడే చిన్న బండి చూపించాడు. నాయన బండి చుట్టూ తిరిగి బాడీని జానలతో కొలిచాడు. తలూపాడు. నేను మాత్రం ముందు సీటు సంగతి తేల్చుకోవాలన్నాను.

"ముగ్గురం కూర్చుని చూస్తాం," అన్నాను.

"మేడమ్, ఇందులో డ్రైవరు కాక ఇంకొకరే..." అని నసిగాడతను.

"ఇంకొకరు మా నాయన. మరి నన్ను పరుపుల మీద పడుకోబెట్టి తీసుకుపోతారా?"

దాంతో అంతకన్నా కాస్త పెద్దది చూపించాడు. మా ఆయన స్టీరింగు ముందు, నాయన కిటికీ పక్కన, మధ్యలో నేను. గేరు రాడ్డు నా మోకాలికి తగులుతోంది. గేరు మార్చిన ప్రతిసారీ మా ఆయన నన్ను సారీ అడగాల్సి వస్తుంది, అది నాకు నచ్చింది. నాయన నీలం రంగు ఎంచాడు. అడ్వాన్సు ఇచ్చేసి, హోటల్లో నెల్లూరు చేపల పులుసు తిని, పెళ్ళికి పోయొచ్చినవాళ్ళలా ఇంటికి చేరాము.

ఆ వారంలోనే మా ఆయన వెల్డింగ్ చేసే స్నేహితుణ్ణి తీసుకొచ్చాడు, మిషన్ను బండి బాడీకి ఎలా బిగించాలో చూడమని. నాయన ఎన్నాళ్ళకో షెడ్డు తాళం తీశాడు. వెల్డర్ లోపలికి వచ్చి, మిషన్ను ఒకసారి పైనుంచి కిందికి చూసి, "ఇది ఎంత బరువుంటాదన్నా?" అని అడిగాడు.

నేను నాయన వంక చూశాను, నాయన మా ఆయన వంక చూశాడు. చెబితే నమ్మరు, ఆ క్షణం దాకా మా ముగ్గురిలో ఒక్కరికి కూడా ఆ మిషన్ ఒక బరువు అని తట్టలేదు. పరుపులు లెక్కపెట్టాము, దిండ్లు లెక్కపెట్టాము, గోనె సంచులు కూడా లెక్కపెట్టాము. పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉన్న మిషన్, దాన్ని తిప్పడానికి కొనబోయే డీజిల్ ఇంజను, ఈ రెండూ కూడా అదే బండి ఎక్కుతాయని తెలిసీ, తూకంలో వాటిని వదిలేశాము.

నాయనకు తెలియకపోవచ్చు, నాకు తెలియకపోవచ్చు. "నువ్వు లారీ డ్రైవరువి గదయ్యా! బరువులు తోలే గదా నీ బతుకు!" అని మా ఆయన మీద ఒంటికాలి మీద లేచాను.

"పెళ్ళి చూపులకు వచ్చిన నాటి నుంచీ అది ఈడనే ఉండాది," అన్నాడు పాపం, తల గోక్కుంటూ. "అది కూడా మీ ఇంటి గోడే అనుకున్నా."

సందులో ఉన్న మగవాళ్ళంతా వచ్చి గునపాలు పెట్టి లేపబోతే, ఆ గోడ ఒక మూల మాత్రం రవ్వంత కదిలింది. వెల్డర్ చెమట తుడుచుకుని, "మీరు బుక్ చేసిన బండి మీద దీన్ని పెడితే ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి," అన్నాడు. ఎవరో నవ్వారు. నాయన నవ్వలేదు. మిషన్ మీద చెయ్యి వేసి కాసేపు నిలబడి, "ఆ పాత ఇనుం వాణ్ణి రమ్మనండి," అని లోపలికి వెళ్ళిపోయాడు. ఆ చెయ్యి చూసి నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు వెంటనే కోపం కూడా వస్తుంది.

మర్నాడు సెలవు పెట్టి, మా ఆయన్నీ నాయన్నీ బలవంతాన బస్సెక్కించి మళ్ళీ షోరూంకు పోయాను. ఈసారి సేల్స్ మనిషి నా వంకే చూసి మాట్లాడాడు. నా ముఖం అలా ఉందేమో. విషయం చెప్పాక అతను మమ్మల్ని వెనక యార్డుకు తీసుకుపోయాడు. అక్కడ నిలబడి ఉంది అసలు బండి. ఇసుక, సిమెంటు, రొయ్యల మేత తోలేవాళ్ళు కొనే బరువు పికప్. టైర్లు నా నడుము దాకా ఉన్నాయి. వెనక ఇరుసు మీద కుదుపు ఆపే ఇనప పట్టీల కమాన్లు ఒకదాని మీద ఒకటి దొంతరగా పేర్చి ఉన్నాయి. నాయన కిందినుంచి పైకి చూసి, "దూదికి ఇంత పెద్ద బండా!" అన్నాడు. తర్వాత మా సందులో ప్రతివాళ్ళూ అన్న మాట కూడా అదే.

మా తాహతుకు అది ఎక్కువే. అయినా ఒకసారి నడిపి చూద్దామన్నాను. ముగ్గురం ముందు ఎక్కాము. క్యాబిన్‌లో చోటు లేక సేల్స్ మనిషి వెనక బాడీలో నిలబడ్డాడు. హైవే దాటి పల్లె రోడ్డులోకి తిరగ్గానే మొదటి స్పీడు బ్రేకరు దగ్గర నా తల కప్పుకు తగిలింది. రెండో దాని దగ్గర నాలుక కరుచుకున్నాను. నాయన దగ్గడం మొదలుపెట్టాడు. వెనక సేల్స్ మనిషి ఏమయ్యాడో అల్లాకే తెలియాలి.

"ఆపయ్యా!" అన్నాను. "రోజూ దీంట్లో తడకు పోయొస్తే నా నడుం నాకు మిగలదు. నాయన ప్రాణం అసలే మిగలదు."

మా ఆయన బండి పక్కకు తీసి తాపీగా అన్నాడు. "ఖాళీ బండి ఇట్టనే ఎగురుతాదిమే. ఆ కమాన్లు బరువు కోసం కట్టినవి. బరువు లేకపోతే వాటికి పని లేదు, అందుకే మనల్ని తంతాయి."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చు గదా!"

"నువ్వు చెప్పనిస్తే గదా."

సేల్స్ మనిషి కూడా కిందికి దిగి, టై సవరించుకుని, అదే మాట అన్నాడు. మిషన్ ఎప్పుడూ బాడీలోనే బిగించి ఉంటే ఈ ఎగురుడు ఉండదన్నాడు. మాటలతో నేను నమ్మనన్నాను. షోరూం పక్కనే సిమెంటు కొట్టు ఉంది. దాని ఆసామి అతనికి తెలిసినవాడేనట. మిషన్ బరువు, ఇంజను బరువు వెల్డర్ చెప్పిన అంచనాకు సరిపడా బస్తాలు అద్దెకు ఎక్కించారు. బండి వెనక భాగం కొంచెం కిందికి కూర్చుంది. సేల్స్ మనిషి ఈసారి బస్తాల మీద కూర్చున్నాడు.

అదే రోడ్డు, అవే స్పీడు బ్రేకర్లు. నేను పళ్ళు బిగపట్టి, ముందు పలకను రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను. బండి ఒకసారి పైకి లేచి మెల్లగా దిగింది, అంతే. ఇంకో స్పీడు బ్రేకరు వచ్చింది, అప్పుడూ అంతే. చేతులు వదిలేశాను. కిటికీ అద్దాలన్నీ దించి ఉన్నాయి, చెరువుల మీది గాలి చల్లగా కొడుతోంది.

"ఎట్టుండాది మామా?" అన్నాడు మా ఆయన.

పక్కకు తిరిగి చూశాను. నాయన తల కిటికీ అంచుకు ఆనించి, నోరు కొంచెం తెరిచి నిద్రపోతున్నాడు. గడ్డం వెంట్రుకలు గాలికి కదులుతున్నాయి. దగ్గు లేదు. షెడ్డుకు తాళం వేసిన తర్వాత ఆయన కంటినిండా నిద్రపోవడం నేను చూడలేదు. ఆ గడ్డల పరుపు మీద అటూ ఇటూ దొర్లే చప్పుడు వినీ వినీ మేము అలవాటు పడిపోయాము. అక్కడ, అమ్మకానికి పెట్టిన బండిలో, మనిషి హాయిగా గురక పెడుతున్నాడు.

వెనక్కి తిప్పాల్సిన మలుపు వచ్చింది. మా ఆయన నా వంక చూశాడు. నేను వద్దని తలూపాను. బండి నేరుగా పోయింది. వెనకనుంచి సేల్స్ మనిషి క్యాబిన్ మీద దబదబా కొట్టసాగాడు. మేము బండి ఎత్తుకుపోతున్నామని అనుకున్నాడేమో, "సార్! మేడమ్!" అని ఒకటే కేకలు. నేను వెనక్కి తిరిగి, క్యాబిన్ వెనక అద్దంలోంచి గట్టిగా అరవొద్దని సైగ చేశాను. మైపాడు సముద్రం కనిపించేదాకా పోయి ఆగాము. నాయన నిద్రలేచి, "ఏందబ్బా, ఇంకా బయల్దేరలేదా?" అన్నాడు.

ఆ బండే కొన్నాము.

మిషన్ను దిమ్మె మీద నుంచి లేపిన రోజు మా సందులో పండగలా ఉంది. పీచు ఎగిరొచ్చి అన్నంలో పడుతోందని ఏళ్ళ తరబడి మా వైపు కిటికీలు మూసుకున్నవాళ్ళే ముందుగా వచ్చి చెయ్యి వేశారు. పీడ విరగడవుతోందన్న సంతోషమో, మా మీద అభిమానమో నేను అడగలేదు. చైన్ కప్పీ కట్టి మిషన్ను పైకి లాగి, బండిని దాని కిందికి తెచ్చి నిలిపి, మెల్లగా దించుతుండగా శ్రీహరికోట నుంచి రాకెట్ లేచింది. తలుపులు గడగడలాడాయి. పట్టుకున్న తాడు వదలకుండానే అందరూ తలలెత్తి చూశారు. నాయన మాత్రం బోల్టులు కన్నాల్లో సరిగ్గా కూర్చుంటున్నాయో లేదో చూస్తున్నాడు.

బాడీ ఎత్తుగా ఉంది కాబట్టి నాయన ఎక్కడానికి మా ఆయన ఇనప మెట్లు చేయించాడు. పైన నాయనకు ఒక చిన్న పీట. డాక్టరు చెప్పిన రెండో సగం ఇప్పుడు నాయనకు కూడా వినిపించింది. ముక్కుకు గుడ్డ కట్టుకుంటాడు, గాలి ఎటు వీస్తుందో చూసుకుని బండి నిలబెట్టిస్తాడు. పీచంతా చెరువు మీదికి పోతుంది. దగ్గు పూర్తిగా పోలేదు. కానీ గోడ పట్టుకునే అవసరం రావడం లేదు.

బండి ఎత్తు వల్ల ఇంకొక మేలు జరిగింది. ఇదివరకు స్టూలు మీద కూర్చున్నవాళ్ళకు దూది లోపలికి పోవడమే కనిపించేది. ఇప్పుడు నేల మీద నిలబడితే డ్రమ్ము సరిగ్గా కంటి ఎదురుగా ఉంటుంది. తమ దూది లోపలికి పోవడం, బయటికి రావడం అన్నీ కనిపిస్తాయి. మా తాత కాలంలో కూడా ఇంత బాగా కనిపించి ఉండదని నాయన మురిసిపోయాడు.

పొద్దున్నే కంపెనీ గేటు ముందు మా బండి ఆగితే నా తోటివాళ్ళు "మేడం పరుపులేసుకుని వచ్చేసింది, డ్యూటీ ఎవరు చేస్తారో" అని ఏడిపిస్తారు. ఏడిపించినవాళ్ళే ఇంటికి దిండ్లు కుట్టించుకున్నారు. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు క్యాబిన్‌లో ఆనాటి ముచ్చట్లు మొదలవుతాయి. ఒకసారి చెరువు ఒడ్డు ఊళ్ళో చేపలమ్మే ఒకామె పరుపు తెచ్చిందట. సగంలో ఆమె ఫోను మోగింది, ఆమె పక్కకు తిరిగింది. మిషన్ ఆగిపోయింది.

"ఏంది సాయబన్నా, కరెంటు పోయిందా?" అందట.

"బండి మీద కరెంటు యాడిదమ్మా. నువ్వు మాట్లాడుకో, నేనుంటా."

ఆమె ఫోనులో అవతలివాళ్ళతో "ఈడొక పిచ్చి సాయిబు ఉండాడు, నేను చూడకపోతే పని చెయ్యడంట, మళ్ళా చేస్తా" అని పెట్టేసిందట. ఈ సంగతి చెప్పేటప్పుడు మా ఆయన నవ్వలేక చచ్చాడు. నాయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "పిచ్చో మంచో, ఆ ఊళ్ళో ఇంకా పది పరుపులు చెప్పినారు," అన్నాడు. ఆ గొంతులో పాత పొగరు వినిపించి నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

అలా కొన్ని వారాలు గడిచాక ఒక ఆదివారం పొద్దున నాయన నా గది ముందుకొచ్చి నిలబడ్డాడు. చంకలో అమ్మ పరుపు చుట్ట ఉంది. కుట్లు అప్పటికే విప్పేశాడు.

"కాలవ గట్టు కాడికి పోదాం రామ్మా," అన్నాడు.

బండి అక్కడి ఖాళీ స్థలంలో పెట్టాము. మా ఆయన ఇంజను వేశాడు. నాయన మెట్లెక్కి పీట మీద కూర్చుని, పరుపు గుడ్డ తెరిచాడు. దూది పసుపు రంగుకు తిరిగి, గట్టి గట్టి ముద్దలై ఉంది. నాకు ఎప్పటిలాగే నోరు ఊరుకోలేదు.

"ఏం నాయనా, దాని యజమాని లేదంటివి గదా. ఇప్పుడు ఎట్టా ఏకతావు?"

నాయన ముక్కుకు గుడ్డ కట్టుకుంటూ ఆగి నా వంక చూశాడు.

"నీవి మీ అమ్మ కళ్ళే గదా," అన్నాడు. "ఇన్నాళ్ళూ ఆ షెడ్డులో నిన్ను నిలబెట్టే ధైర్యం లేకపోయె, నా మాదిరి నీ ఊపిరిలోకీ ఆ పీచు పోతాదని. ఇప్పుడు గాలుండాది. ఆడ నిలబడు."

నేను పోయి నిలబడ్డాను. నాయన బిస్మిల్లా అని మొదటి ముద్ద తీసి డ్రమ్ముకు అందించాడు. అవతలివైపు నుంచి తెల్లగా, పొంగుకుంటూ దూది వచ్చి పడింది. పైన పసుపెక్కినా లోపల అది ఇంకా తెల్లగానే ఉంది. ఇంకో ముద్ద, ఇంకొకటి. షెడ్డు గుమ్మంలో స్టూలు మీద కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్న అమ్మ గుర్తొచ్చింది. ఆమె ఎదురుగా పీచులో మునిగి కూర్చున్న నాయన గుర్తొచ్చాడు. ఏటా ఒకసారి వాళ్ళిద్దరూ మాట్లాడకుండా అలా ఒకరి ఎదురుగా ఒకరు కూర్చునేవాళ్ళు. నాకు డ్రమ్ము మసకగా కనిపించసాగింది. తర్వాత ఏమీ కనిపించలేదు.

మిషన్ ఆగిపోయింది.

తల ఎత్తి చూశాను. నాయన చేతులు కట్టుకుని, ఒళ్ళో దూది పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"కళ్ళు తుడుచుకోమ్మా," అన్నాడు. "కనపడాల గదా."

నేను పైట చెంగుతో కళ్ళు తుడుచుకున్నాను. చూస్తున్నానని తలూపాను. నాయన మళ్ళీ మిషన్ వేశాడు.